రంగంలో ఎత్తిన మూడు వేళ్ళు

పదమూడేళ్ళు దాటిన పిల్లలున్న ఇళ్ళలో ఒక ఫిర్యాదు తరచుగా వినబడుతోంది. అమ్మాయి 'ది హంగర్ గేమ్స్' మొదటి భాగం పట్టుకుంది. మూడూ అయ్యేదాకా తలెత్తలేదు. అవి అయ్యాక 'డైవర్జెంట్', దాని వెనకే 'ది మేజ్ రన్నర్'. భోజనానికి పిలిస్తే "ఒక్క చాప్టర్" అంటుంది. ఆ ఒక్కటీ ఎప్పటికీ అవదు. ఇంగ్లీషైనా వస్తుందిలే అని మొదట మురిసిన పెద్దలే, కథేమిటో తెలిశాక కంగారుపడుతున్నారు.

వాళ్ళ అభ్యంతరాన్ని న్యాయంగానే చెప్పుకుందాం. ఈ డిస్టోపియన్ నవలలన్నీ చెడిపోయిన రేపటి కథలు. వాటిలో ప్రభుత్వం క్రూరం, పెద్దలు పిరికివాళ్ళు, పిల్లలే చస్తారు, పిల్లలే చంపుతారు. ఇవి మరిగిన పిల్ల ఎదురుగా ఉన్న లోకాన్ని వదిలేసి లేని లోకంలో బతుకుతుంది. హింసకు మనసు మొద్దుబారుతుంది. రేపటి మీద ఆశ పోయి భయం మిగులుతుంది. పోనీ గొప్ప సాహిత్యమా అంటే అదీ కాదు. అధ్యాయం చివర గాలం వేసి లాగే మార్కెట్ సరుకు. అందులోనూ అమెరికా సరుకు. 2021 తర్వాత ఈ జాబితాకి మరొకటి చేరింది: బర్మాలో పిల్లలు 'హంగర్ గేమ్స్' సినిమాలో మూడు వేళ్ళ సైగ చూసి తుపాకుల ముందుకెళ్ళి నిలబడ్డారు, ఏం సాధించారు?

మొత్తం ఆరు ఆరోపణలు. విడివిడిగా వింటే ప్రతిదీ సబబుగానే ఉంటుంది. కలిపి వింటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోకం నుంచి పారిపోతారన్న నోరే, వీధిలోకి ఎందుకు వెళ్ళారని కూడా అడుగుతోంది. అందుకే చివరి ఆరోపణ పుట్టిన ఊళ్ళోనే ఆరింటినీ పరీక్షిద్దాం. ఆ ఊరు మనకి కొత్త కాదు. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి మన ముత్తాతలు కూలికి వెళ్ళిన ఊరు. ఇంగ్లీషువాళ్ళు రంగూన్ అన్నారు, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు, మనవాళ్ళు రంగం అన్నారు. రంగమంటే నాటకం ఆడే చోటు, యుద్ధం జరిగే చోటు కూడా. 'హంగర్ గేమ్స్' రచయిత్రి సుజాన్ కాలిన్స్ తన నవలల్లో పిల్లల్ని దింపిన బరికి తెలుగులో ఇంతకన్నా సరైన మాట లేదు.

1. 'లోకం నుంచి పారిపోతారు'

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున బర్మా సైన్యం, అంతకుముందు నవంబరు ఎన్నికల్లో గెలిచినవాళ్ళని నిర్బంధించి అధికారం లాక్కుంది. మర్నాటి రాత్రి యాంగోన్‌లో జనం వంటింట్లోంచి గిన్నెలు, మూతలు తెచ్చి వీధి వైపు నిలబడి మోగించారు. దయ్యాల్ని వెళ్ళగొట్టడానికి అక్కడ ఎప్పటినుంచో చేసే పని అది. 3వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల వైద్య సిబ్బంది విధులు బహిష్కరించి, ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, మూడు వేళ్ళు ఎత్తారు. 4న ఫేస్‌బుక్‌ని ఆపేశారు. 5న డాగోన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, అధ్యాపకులు మూడు వేళ్ళు ఎత్తారు. 6న ఇంటర్నెట్టే ఆగిపోయింది. అయినా హ్లెడాన్ కూడలిలోనూ, సూలే పగోడా దగ్గరా ఆ వేళ్ళు వేల సంఖ్యలో లేచాయి. వేళ్ళకి నెట్‌వర్క్ అక్కర్లేదు.

ఇక్కడ నా పక్షం వాళ్ళు తరచుగా వేసే తప్పటడుగు నేను వెయ్యను. చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ నవల చదివారని అనను. చాలామందికి ఆ సైగ సినిమా ద్వారా వచ్చింది, అంతకంటే దగ్గరి దారిన థాయిలాండ్ నుంచి వచ్చింది. అక్కడ 2014 మే నెల సైనిక కుట్ర తర్వాత నిరసనకారులు దాన్ని వాడుకలోకి తెచ్చారు. నవల వల్లే తిరుగుబాటు వచ్చిందనడం ఇంకో రకం అబద్ధం. వేసిన ఓటు దోచుకుంటే కోపం రావడానికి నవల అక్కర్లేదు.

నేను అడిగేది చిన్న ప్రశ్న. ఈ కథలు లోకం నుంచి పారిపోయే దారి అయితే, వాటి గుర్తు ఎక్కడ కనబడాలి? తలుపులు వేసుకుని లోపల కూర్చున్నవాళ్ళ దగ్గర. మరి కనబడింది ఎక్కడ? నడివీధిలో. పిల్ల పుస్తకంలో మునిగిందన్నది మనం చూసిన సంగతి. ఇక తేలదన్నది మనం కలిపిన ఊహ. ఆ రెంటికీ మధ్య ఉన్న గండిని ఈ వాదం ఎప్పుడూ పూడ్చలేదు, గెంతేసిపోయింది.

2. 'చంపుకోవడాన్ని వినోదం చేస్తాయి'

ఈ మాట అనేవాళ్ళు మొదటి భాగం అట్ట వెనక చదివి ఆగినవాళ్ళు. కథ చూడండి. పానెం అనే దేశం. రాజధాని కాపిటల్, దాని కాలికింద పన్నెండు జిల్లాలు. ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళని, చీటీ తీసి బరిలోకి దింపుతారు. ఇరవైనలుగురిలో ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి. దేశమంతా టీవీలో చూసి తీరాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనం ఒక్క ముక్కలో అనేది కాలిన్స్ మూడు భాగాల్లో చెప్పింది. చెలగాటం చూస్తూ కూర్చున్న పిల్లుల మొహాల దగ్గర దీపం పెట్టి మరీ చెప్పింది.

ఈ కథ ఎలా తట్టిందో కాలిన్స్ చెప్పింది. ఒక రాత్రి టీవీలో చానెళ్ళు మారుస్తుంటే ఒకదాంట్లో కుర్రాళ్ళ పోటీ కార్యక్రమం, మరోదాంట్లో ఇరాక్ యుద్ధం. కాసేపటికి రెండూ కలిసిపోయినట్టు అనిపించిందట. ఆమె తండ్రి వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన సైనికాధికారి. చావుని వినోదంగా చూపించడం మీద కోపంతో పుట్టిన పుస్తకాన్ని, అదే నేరం మోపి బోను ఎక్కిస్తున్నాం.

ఆ చీటీల లెక్క ఒక్కటి గమనించండి. ఆకలి ఉన్న ఇంటి పిల్ల, ఒక మనిషికి ఏడాదికి అరకొరగా సరిపడే గింజలూ నూనే కావాలంటే తన పేరుతో ఇంకో చీటీ వెయ్యాలి. ఏటేటా ఆ చీటీలు పోగవుతాయి. అదృష్టం పేరుతో జరిగే ఆటలో పేద పిల్ల పేరే ఎక్కువసార్లు ఉంటుంది. రేషన్ దుకాణం ముందు వరస చూసిన పిల్లకి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ సైగ కూడా నవలలో యుద్ధనాదం కాదు. ఎడమచేతి మధ్య మూడు వేళ్ళు పెదవులకి తాకించి ముందుకి చాపుతారు. దాని అర్థం కృతజ్ఞత, మెచ్చుకోలు, ఇష్టమైనవాళ్ళకి వీడ్కోలు. రెండో భాగం 'క్యాచింగ్ ఫైర్'లో జనం ఆ సైగ చేసిన చోటే ఒక ముసలాయన్ని అందరి ఎదుటా కాల్చి చంపుతారు. ఎత్తిన చేతికి వెల ఎంతో ఆ పుస్తకం దాచలేదు.

3. 'లేత మనసుల్లో భయం నింపుతాయి'

ఏ లేత మనసుల్లో? తెల్లారకముందే లేపి రాత్రి పొద్దుపోయేదాకా చదివించే రెసిడెన్షియల్ కాలేజీలో, వారాంతపు పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేసే చోట, గోడ మీద ర్యాంకుల పట్టిక ముందు నిలబడ్డ పదహారేళ్ళ పిల్ల మనసులోనా? ఫలితాలొచ్చిన రోజు టీవీ పెట్టండి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ప్రకటన వస్తుంది. తెర నిండా గెలిచినవాళ్ళ ఫొటోలు. మిగతావాళ్ళ మొహాలు ఎక్కడా ఉండవు. ఈ పిల్లని పోటీ బరి గురించి చెప్పి కొత్తగా భయపెట్టగలిగిన రచయిత్రి ఇంకా పుట్టలేదు. ఆమెకి ముందే ఉన్న భయానికి నవల ఒక పేరు పెట్టింది. పేరున్న భయాన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. ఆ మాటలు మనకి ఇబ్బంది, ఎందుకంటే ఆ బరికి ఫీజు కట్టింది మనం.

రంగం పిల్లల సంగతీ అంతే. 2021లో పంతొమ్మిదేళ్ళున్నవాడికి 2012 ఆగస్టులో పదేళ్ళు. అచ్చుకి ముందు రాతని సెన్సారుకి చూపించాలన్న దశాబ్దాల నియమం రద్దయింది ఆ నెలలోనే. 2014లో విదేశీ కంపెనీలు వచ్చి సిమ్ కార్డుని 1,500 క్యాట్లకి అమ్మాయి. వాడి అమ్మానాన్నలు మాత్రం 1988 ఆగస్టు ఉద్యమం మీద జరిగిన కాల్పులు ఎరిగినవాళ్ళు, ఆ తర్వాత గొంతు తగ్గించుకుని బతికినవాళ్ళు. చీకటి ఆ ఇంట్లో ముందే ఉంది. దాన్ని బయటినుంచి ఏ నవలా మోసుకు రాలేదు.

4. 'వ్యసనం, అదీ నాసిరకానికి'

నాసిరకం మాట ముందు తేలుద్దాం. అన్నీ గొప్పవని నేను బుకాయించను. 'హంగర్ గేమ్స్' అమ్ముడుపోయాక వచ్చిన అనుకరణల్లో చాలావాటిలో ఒక కథానాయిక, ఆమెను ప్రేమించే ఇద్దరు కుర్రాళ్ళు, ఒక చెడ్డ ప్రభుత్వం తప్ప ఇంకేమీ లేదు. అవి వాటి చావు అవే చస్తాయి. ఏ రకం కథల్లోనైనా నూటికి తొంభై తాలే. తాలుని చూపించి ధాన్యాన్ని పారబొయ్యమనడం మాత్రం ఏ రైతూ ఒప్పుకోడు.

ఇక వ్యసనం. ఈ తిట్టు మనకి పాతదే. రైల్వే స్టేషన్లలో కొవ్వలి నవలలు కొనుక్కుని దాచుకుని చదివిన ఆడవాళ్ళని ఇదే మాట అన్నారు. డిటెక్టివ్ యుగంధర్ కోసం తిరిగిన కుర్రాళ్ళని అన్నారు. 'ఆంధ్రభూమి' వారపత్రికలో 'తులసిదళం' వస్తున్నప్పుడు వారం వారం కాచుకున్నవాళ్ళని అన్నారు. ఇవాళ మనవరాలిని వ్యసనపరురాలు అంటున్న బామ్మ ఆ వరసలో నిలబడ్డ మనిషే. ఆవిడ పాడైపోలేదు. ఆ అలవాటుతోనే తెలుగు చదవడం మిగిలింది.

అసలు లోపం ఇంకా లోతున ఉంది. ఈ కథలు వరసగా చదవడమే తప్పంటున్నారు కదా, మొదటి భాగంతో ఆపిన పిల్లకి ఏం దక్కుతుందో చూడండి. ఒక ధైర్యవంతురాలు, ఒక దుర్మార్గుడు, గెలుపు. అంతే. మూడో భాగం 'మాకింగ్‌జే' దాకా వెళ్ళిన పిల్లకి ఇంకోటి ఎదురవుతుంది. బాంబులు పడి పిల్లలు చస్తారు, వాళ్ళని కాపాడబోయిన, కథానాయిక కాట్నిస్ చెల్లెలూ చస్తుంది. ఆ బాంబులు వేసింది తన పక్షమేనన్న అనుమానం బలపడుతుంది. గెలిచిన తిరుగుబాటు నాయకురాలు, ఓడినవాళ్ళ పిల్లలతో ఆఖరిసారి అదే ఆట ఆడిద్దామంటుంది. కాట్నిస్ బాణం పాత నియంత మీదికి వెళ్ళదు, కొత్త నాయకురాలి మీదికి వెళుతుంది. తనవాళ్ళని కూడా అనుమానించాలన్న పాఠం ఆఖరి పేజీల్లో ఉంది. సగంలో ఆగినవాళ్ళకి అది అందదు, గాలానికి చిక్కినవాళ్ళకే అందుతుంది. వ్యసనమని తిడుతున్నది ఆ పాఠానికి చెల్లించిన రుసుముని.

5. 'పరాయి సరుకు'

సరుకు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి ప్రయాణించిందో మొదట తేల్చుకోవాలి. బీహార్‌లోని మోతిహారీలో పుట్టిన ఎరిక్ బ్లెయిర్ అనే కుర్రాడు 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. రంగూన్ పొలిమేరల్లోని ఇన్సీన్‌లో కూడా పనిచేశాడు. 2021లో పట్టుకున్న నిరసనకారుల్ని తోసిన జైలు ఉన్న ఇన్సీన్ అదే. ఆ కుర్రాడు తర్వాత జార్జ్ ఆర్వెల్ అయ్యాడు. 1934లో 'బర్మీస్ డేస్', 1945లో 'యానిమల్ ఫామ్', 1949లో '1984' వెలువడ్డాయి. బర్మా గురించి ఆర్వెల్ రాసింది ఒకటి కాదు, ఆ మూడూ అని అక్కడివాళ్ళు చెప్పుకునే హాస్యం ఒకటుంది. చెడిపోయిన రేపటి కథల వంశవృక్షానికి ఒక వేరు ఆ మట్టిలోనే ఉంది.

పరాయిదాన్ని సొంతం చేసుకోవడం కూడా రంగానికి కొత్త కాదు. 1988 ఉద్యమంలో పుట్టి, 2021లో వీధుల్లో మళ్ళీ మోగిన వాళ్ళ పోరాట గీతం 'కబా మచే బూ'కి వరస, కాన్సస్ అనే అమెరికన్ బృందం పాడిన 'డస్ట్ ఇన్ ద విండ్'ది. ఆ పాట పాడుతూ కన్నీళ్ళు పెట్టుకున్నవాణ్ణి వరస ఎవరిదని అడిగి చూడండి.

మన సంగతి చూసుకుందాం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక, ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు 'వందేమాతరం' బ్యాడ్జీలు పెట్టుకుని తరగతికి వెళ్ళారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుతో పాటు పలువురిని వెళ్ళగొట్టారు. 1938లో హైదరాబాద్‌లో అదే పాట పాడినందుకు ఉస్మానియా విద్యార్థుల్ని వెళ్ళగొట్టారు. ఆ మాట ఎక్కడిది? బంకించంద్రుడి 'ఆనందమఠం' లోది. 'వంగదర్శన్' పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1882లో పుస్తకమైన బెంగాలీ నవల. ఆ నవల మీద ఉన్న అభ్యంతరాలు వేరే చర్చ. నేను అడిగేది వేరు: రాజమండ్రి కుర్రాళ్ళలో ఎందరు దాన్ని బెంగాలీలో చదివి ఉంటారు? చదవని నవలలోంచి వచ్చిన, పొరుగు ప్రాంతం మీదుగా అందిన గుర్తుని ఛాతీ మీద పెట్టుకున్నారు. వాళ్ళని వెర్రివాళ్ళని మనం అనలేదు. పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నాం. రాజమండ్రికి ఒక తూకం, రంగానికి ఒక తూకం ఎందుకు?

6. 'ఏం సాధించారు?'

ఆరింటిలో బరువైన ప్రశ్న ఇదొక్కటే. తేలిగ్గా దాటెయ్యను. 2021 ఫిబ్రవరి 9న నేపిడోలో నిరసనకి వెళ్ళిన మ్యా థ్వే థ్వే ఖైంగ్‌ తలలో తూటా దిగింది. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉండగానే ఆమెకి ఇరవయ్యేళ్ళు నిండాయి. 19న చనిపోయింది. మార్చి 14న యాంగోన్ శివారు హ్లయింగ్ థాయాలో పదుల సంఖ్యలో చంపేశారు. ఆ తర్వాతి ఏళ్ళలో చావులు వేలకి చేరాయి. మూడు వేళ్ళు ఒక్క తూటానీ ఆపలేదు. ఆపుతాయని నవలలో కూడా లేదు.

కానీ ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నామో చూసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కినవాణ్ణి వదిలేసి, చనిపోయిన పిల్ల ఏ సినిమా చూసిందో ఆరా తీస్తున్నాం. కాల్చినవాడికి ఇంతకంటే కావలసిన సాక్ష్యం లేదు.

ఆ సైగకి విలువ ఎంతో అధికారంలో ఉన్నవాళ్ళు మనకంటే ముందే లెక్కగట్టారు. 2014 నవంబరులో థాయిలాండ్ ప్రధాని ప్రయుత్ ఎదుట మూడు వేళ్ళు ఎత్తిన ఖోన్ కెన్ విద్యార్థుల్ని అక్కడికక్కడే పట్టుకుపోయారు. ఆ రోజుల్లోనే బ్యాంకాక్‌లో 'మాకింగ్‌జే' సినిమా ఆటలు కొన్ని రద్దయ్యాయి. 2021 ఫిబ్రవరి 26న ఐక్యరాజ్యసమితిలో బర్మా రాయబారి చా మో తున్ సైనిక పాలనని ఖండించి మూడు వేళ్ళు ఎత్తాడు. మర్నాడే ఆయన్ని తొలగించినట్టు ప్రభుత్వ టీవీ చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారు. కల్పిత దేశంలో కల్పిత నియంత కథకి అసలు నియంతలు ఎందుకు ఉలిక్కిపడాలి? జైల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించింది? పాలించేవాళ్ళకి నవల అంటే ఏమిటో తెలుసు. దాన్ని కాలక్షేపం అనుకునేది మనమే.

కథ అక్కడితో అయిపోలేదు. చేతులెత్తిన పిల్లల్లో చాలామంది తర్వాత అడవుల్లోకి వెళ్ళి తుపాకీ పట్టారు. న్యాయం కోసం పట్టిన ఆయుధం ఎక్కడ ఆగాలి, గెలిచాక పాత ఆటనే కొత్త పేరుతో ఆడకుండా ఎలా ఉండాలి అన్న ప్రశ్న ఇప్పుడు వాళ్ళ ముందుంది. ఆ ప్రశ్నని పదమూడేళ్ళ పాఠకులకి అర్థమయ్యే భాషలో అడిగింది మీరు వ్యసనం అంటున్న ఆ మూడో భాగమే.

ఇంతకీ పిల్లల చేతిలో పుస్తకం చూసి భయపడే పెద్దలు నిజంగా భయపడేది దేనికి? చీకటి కథలు చదివి పిల్లలు చెడిపోతారని కాదు. చదివాక మన వైపు తిరిగి, మీరు ఇది ఎందుకు ఊరుకున్నారు అని అడుగుతారని. బరికి ఫీజు కట్టినవాళ్ళం, ప్రకటన చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం, ఎక్కడో రంగంలో కాల్పులు జరిగితే చానెల్ మార్చినవాళ్ళం మనం. లోకం నుంచి పారిపోవడం అనే నేరానికి నిందితులు కావాలంటే దూరం వెళ్ళనక్కర్లేదు.

మీ ఇంట్లో పిల్ల మూడో భాగంలో ఉంటే అది లాక్కోకండి. మొదటిది ఖాళీగానే ఉంటుంది, మీరు తీసుకోండి.